ఆంధ్రప్రదేశ్ పెద్ద ఊళ్లలో అద్దె ఇల్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

బదిలీల రోజులు వచ్చాయంటే బంధువుల దగ్గర్నుంచి పాత ఆఫీసు వాళ్ల దాకా అందరూ నన్ను అడిగేది ఒకటే: "ఫలానా ఊరు వేశారు, ఇల్లెక్కడ చూసుకోమంటావ్?" ఉద్యోగరీత్యా విశాఖ, విజయవాడ, గుంటూరు, తిరుపతి నాలుగు చోట్లా అద్దెకున్నాను, ఎనిమిది ఇళ్లు మారాను. చెప్పిందే చెప్పలేక ఇలా రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## ఊరు తేల్చుకునే ముందు

విశాఖ, విజయవాడ, గుంటూరు, తిరుపతి. వీటిలో అద్దెలు ఎక్కడ ఎక్కువండీ?

నా అనుభవంలో విశాఖ, విజయవాడ దాదాపు సమానం. తిరుపతిలో ఊరి మధ్య ఇళ్లు వాటికి పెద్దగా తీసిపోవు. గుంటూరు కాస్త చవక. 2011 జనాభా లెక్కల్లో విశాఖ 17 లక్షలు, విజయవాడ 10 లక్షలు దాటాయి కాబట్టి పెద్ద ఊరికి పెద్ద అద్దె అనుకుంటారు. కానీ ఊరికీ ఊరికీ ఉన్న తేడా కంటే ఒకే ఊళ్లో పేటకీ పేటకీ ఉన్న తేడా ఎక్కువ. విశాఖ ఎంవీపీ కాలనీలో డబుల్ బెడ్రూమ్‌కి అడిగే అద్దెకీ పెందుర్తిలో అడిగే అద్దెకీ పోలిక ఉండదు. విజయవాడలో మొగల్రాజపురం, పాయకాపురం అంతే. అందుకని "ఏ ఊరు చవక" అనే ప్రశ్న పక్కన పెట్టి, "నా ఆఫీసు నుంచి అరగంటలో చేరే పేటల్లో ఏది చవక" అని అడగండి.

ఎక్కడ ఉంటే చేతిలో నాలుగు డబ్బులు మిగులుతాయి?

అద్దె ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది. మెయింటెనెన్స్, నీళ్ల ట్యాంకరు, కరెంటు, పెట్రోలు, పిల్లల బడి బస్సు అన్నీ కలపండి. దగ్గరి ఇల్లు 15,000, దూరపు ఇల్లు 12,000 అనుకోండి. దూరపు ఇంటికి పెట్రోలు అదనంగా 1,800, బడి బస్సు 1,000, ఎండాకాలం ట్యాంకరు వాటా 500 పడితే మిగలడం అటుంచి నెలకు 300 రూపాయలు ఎదురు పడుతుంది. పైగా రోజూ గంటన్నర రోడ్డు మీద పోతుంది. ఈ లెక్క కాగితం మీద వేసుకోకుండా ఇల్లు తీసుకుని, ఆరు నెలలకే మళ్లీ సామాను సర్దినవాళ్లు నాకు చాలామంది తెలుసు. వాళ్లలో మొదటివాణ్ణి నేనే.

వైజాగ్‌లో ఆఫీసు ఒక చివర, ఇల్లు ఇంకో చివర ఉంటే నడుస్తుందా?

నడవదు. విశాఖ గుండ్రంగా పెరిగిన ఊరు కాదు. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు కొండలు ఉండటంతో జాతీయ రహదారి వెంట పొడుగ్గా సాగింది. గాజువాక నుంచి మధురవాడకు పాతిక కిలోమీటర్ల పైనే. ఎన్‌ఏడీ కొత్తరోడ్డు, మద్దిలపాలెం, హనుమంతవాక జంక్షన్లు దాటుకుని పోవాలి. మధ్యలో అడ్డదారులు తక్కువ. కాబట్టి ఉద్యోగం ఎటువైపో ముందు తేలాలి. స్టీల్ ప్లాంటు, పరవాడ వైపు అయితే కూర్మన్నపాలెం, గాజువాక. ఐటీ కంపెనీలు, రుషికొండ వైపు అయితే మధురవాడ, పీఎం పాలెం, కొమ్మాది, ఎండాడ. భార్యాభర్తలు చెరో చివర పనిచేస్తుంటే అక్కయ్యపాలెం, సీతమ్మధార, మద్దిలపాలెం. అద్దె ఎక్కువే, కానీ ఇద్దరికీ సగం దారి తప్పుతుంది.

బీచ్ దగ్గర ఇల్లు తీసుకుంటే ఎలా ఉంటుంది?

మొదటి నెల స్వర్గం. తర్వాత ఏసీ బయటి యూనిట్ తుప్పు పడుతుంది, కిటికీ గ్రిల్స్ పెచ్చులు లేస్తాయి, బైకు సైలెన్సరు రంగు మారుతుంది, ఉక్కపోతకు బట్టలు ఆరవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు సముద్రానికి ఎదురుగా ఉన్న అద్దాల కిటికీలు ఏమయ్యాయో అప్పుడు అక్కడున్నవాళ్లను అడగండి. లాసన్స్ బే కాలనీ లాంటి చోట సముద్రానికి రెండు మూడు వీధులు వెనక తీసుకుంటే గాలి అందుతుంది, దెబ్బ తగ్గుతుంది. పాతనగరం, జ్ఞానాపురం వైపు సమస్య వేరు, అక్కడ పోర్టు నుంచి బొగ్గు దుమ్ము వస్తుంది. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు కిటికీ పట్టీ మీద వేలితో గీసి చూడండి, చాలు.

విజయవాడలో వరద భయం లేని ఏరియాలు చెప్పండి.

2024 సెప్టెంబరు మొదటి వారం తర్వాత ఈ ప్రశ్న అడగనివాళ్లు లేరు. అప్పుడు ముంచింది కృష్ణ కాదు, బుడమేరు. వాగుకు గండ్లు పడి అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీ రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అదే సమయంలో కృష్ణకు 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినా, ఒకప్పుడు ప్రతి వరదకీ మునిగే కృష్ణలంకను రిటైనింగ్ వాల్ చాలావరకు కాపాడింది. అంటే పదేళ్ల కిందటి "మునిగే ఏరియాల" జాబితా ఇప్పుడు పనికిరాదు.

సింగ్ నగర్ వైపు వెళ్లకూడదా అంటే, వెళ్లొచ్చు. బడ్జెట్ తక్కువ ఉన్నవాళ్లకు ఊరికి దగ్గరగా దొరికే ఇళ్లు అటువైపే ఎక్కువ. కాకపోతే గ్రౌండ్ ఫ్లోర్ వద్దు. మొదటి అంతస్తు తీసుకుని, బైకు పెట్టుకోవడానికి ఎత్తు చోటు ఉందో లేదో చూసుకోండి. గోడ మీద నీటి చార ఎంత ఎత్తులో ఉందో చూడండి. కొత్తగా సున్నం కొట్టించి ఉంటే పక్కింటి గోడ చూడండి, వాళ్లు కొట్టించి ఉండరు. పటమట, బెంజి సర్కిల్, లబ్బీపేట అప్పుడు ఆ స్థాయిలో మునగలేదు. అద్దెలో అదీ కలిసి ఉంటుంది. కొండవాలు ఇళ్లు మాత్రం వేరే కథ: అదే వానలకు మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. కొండకు ఆనుకుని ఉన్న గోడ ఇంటికి వెనకవైపు ఉంటే ఆ ఇల్లు ఎంత చవకైనా వదిలేయండి.

గుంటూరులో ఉండి విజయవాడలో ఉద్యోగం చెయ్యొచ్చా?

చాలామంది చేస్తున్నారు. దూరం 30 కిలోమీటర్ల పైచిలుకు. రైళ్లున్నాయి, పండిట్ నెహ్రూ బస్టాండు నుంచి బస్సులకు లోటు లేదు. అసలు చిక్కు రెండు చివర్లా ఉంటుంది. ఇంటి నుంచి స్టేషనుకు, అక్కడ దిగాక ఆఫీసుకు పట్టే సమయం కలిపితే ఒకవైపు గంటన్నర. ఆఫీసు గవర్నర్‌పేట, గాంధీనగర్‌లో అయితే స్టేషను దగ్గరే కాబట్టి లాభం. పోరంకి, ఆటోనగర్ దాటి అయితే ఆశ వదులుకోండి. గుంటూరులో ఇల్లు బ్రాడీపేట, అరండల్‌పేటల్లో చూసుకుంటే స్టేషను, బస్టాండు రెండూ ఆటోకు దగ్గరే. బ్రాడీపేటలో అడ్రసు "4/14" అంటే కంగారు పడకండి: నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఒక్కసారి అర్థమయ్యాక ఇంత తేలికైన అడ్రసు రాష్ట్రంలో ఇంకెక్కడా దొరకదు.

అమరావతి పనులు మళ్లీ మొదలయ్యాయి కదా, తాడేపల్లి, మంగళగిరిలో ఉండటం మేలా?

మీ పని సచివాలయంలోనో, మంగళగిరి ఎయిమ్స్‌లోనో అయితే అక్కడే ఉండండి. 2016లో వెలగపూడికి ఆఫీసులు వచ్చినప్పుడు ఈ రెండు ఊళ్లలో అద్దెలు ఎగిరాయి, రాజధాని మీద అనిశ్చితి ఉన్నన్నాళ్లూ చల్లబడ్డాయి, 2025 మేలో పనులు తిరిగి మొదలయ్యాక మళ్లీ లేచాయి. ఇక్కడ అద్దె వార్తలను బట్టి నడుస్తుంది. ఇల్లు కొనేవాళ్లకు అది టెన్షన్, అద్దెకుండేవాళ్లకు కాదు. నచ్చకపోతే ఖాళీ చేస్తారు, అంతే. ఏటా పెంపు ఎంతో ముందే కాగితం మీద రాయించుకోండి, ఇక్కడ అది చాలా ముఖ్యం.

తిరుపతిలో ఇళ్లు దొరకవంటారు, నిజమేనా?

ఇళ్లున్నాయి, నెల అద్దెకు ఇచ్చేవాళ్లు తక్కువ. రైల్వే స్టేషను, లీలామహల్ చుట్టుపక్కల గదులు యాత్రికులకు రోజు అద్దెకు పోతాయి, బ్రహ్మోత్సవాల వారంలో వచ్చే డబ్బు మీరు నెలంతా ఉండి ఇచ్చినా రాదు. ఓనరు మీకెందుకిస్తాడు? దానికి తోడు యూనివర్సిటీలు, రుయా, స్విమ్స్ ఆసుపత్రులు, కోచింగుల కోసం వచ్చేవాళ్లు. కాబట్టి బైరాగిపట్టెడ, కొర్లగుంట, తిరుచానూరు రోడ్డు, కరకంబాడి రోడ్డు వైపు చూడండి. ఏర్పేడు ఐఐటీలో పనిచేసేవాళ్లకు రేణిగుంట వైపు వీలు. 2021 నవంబరు వానలకు ఊళ్లో పల్లపు కాలనీలు చాలా మునిగాయి, ఇల్లు ఖాయం చేసే ముందు ఆ ఏడాది నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో వీధి చివర కిరాణా కొట్టులో అడగండి.

నెల్లూరు, కర్నూలు, రాజమండ్రి, కాకినాడ సంగతేంటి?

వీటిలో ఎటు చూసినా ఆఫీసుకు పావుగంట, అరగంట. అందుకే ఇల్లు వెతకడం తేలిక. నెల్లూరులో మాగుంట లే అవుట్, దర్గామిట్ట ఖరీదు, వేదాయపాళెం నయం. కర్నూలులో 2009 అక్టోబరు వరదను మర్చిపోకుండా నదికి దూరంగా చూడండి. రాజమండ్రిలో దానవాయిపేట, ప్రకాశ్ నగర్ బాగుంటాయి, 2027లో గోదావరి పుష్కరాలు కాబట్టి ఘాట్ల దగ్గర ఇళ్లకు అగ్రిమెంటులో ఆ నెలల మాట తేల్చుకోండి. కాకినాడ వీధులు తిన్నగా ఉంటాయి, భానుగుడి నుంచి ఎటైనా సైకిల్ మీద పోవచ్చు.

## ఇల్లు వెతికేటప్పుడు

ఏ నెలలో వెతికితే మంచి ఇళ్లు దొరుకుతాయి?

బడులకు సెలవులిచ్చాక, ఏప్రిల్ చివర నుంచి మే దాకా ఎక్కువ ఇళ్లు ఖాళీ అవుతాయి. పోటీ కూడా అప్పుడే. బేరం కావాలంటే ఆషాఢంలో వెతకండి. శూన్యమాసమని ఎవరూ ఇల్లు మారరు, నెలన్నరగా తాళం వేసి ఉన్న ఇంటి ఓనరు అద్దె దగ్గర మెత్తబడతాడు. మీకూ పట్టింపు ఉంటే ఆషాఢంలో మాట్లాడి అడ్వాన్సు ఇచ్చి, శ్రావణంలో పాలు పొంగించుకోండి. పుష్యమాసంలోనూ ఇదే సూత్రం.

బ్రోకరు లేకుండా దొరుకుతుందా?

గుంటూరు, రాజమండ్రి లాంటి చోట్ల సాయంత్రం బండి వేసుకుని రెండు రోజులు తిరిగితే టులెట్ బోర్డులు కనబడతాయి. ఇస్త్రీ బండి అతనికి, అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌కి తెలియని ఖాళీ ఇల్లు ఉండదు. విశాఖ మధురవాడ వైపు, విజయవాడ బెంజి సర్కిల్ చుట్టుపక్కల పెద్ద అపార్ట్‌మెంట్లలో మాత్రం బ్రోకరు తప్పకపోవచ్చు. కమిషన్ ఎంతో ఇల్లు చూడకముందే మాట్లాడుకోండి. ఇల్లు చూపించడానికే డబ్బు అడిగేవాడు గానీ, ఓనరును చూడకముందే టోకెన్ పంపమనేవాడు గానీ తగిలితే ఫోను పెట్టేయండి.

బ్యాచిలర్స్‌కి ఇల్లిస్తారా?

విశాఖలో మధురవాడ, గాజువాక వైపు తేలిగ్గా ఇస్తారు, అక్కడ అద్దెకొచ్చేవాళ్లలో సగం మంది వాళ్లే. విజయవాడలో కాలేజీలున్న కానూరు, ఎనికేపాడు వైపు ప్రయత్నించండి. "ఫ్యామిలీకే" అని బోర్డు ఉన్నా అమ్మానాన్నలు ఒకసారి వచ్చి మాట్లాడితే తలుపులు తెరుచుకోవడం చాలాసార్లు చూశాను. ఓనరు కింద వాటాలో ఉండే ఇల్లు మాత్రం వద్దు. రాత్రి పదిన్నరకు గేటు తాళం దగ్గర రోజూ సంజాయిషీ ఇచ్చుకోలేరు.

ఓనర్లు కులం, తిండి అలవాట్లు అడుగుతారా?

అడుగుతారు. నేరుగా కాదు, "మీ ఇంటిపేరేంటి, మీదే ఊరు, మీరు ఎవరి తాలూకు" అని చుట్టూ తిప్పి. తిరుపతిలో తిండి సంగతి ముందే చెప్పేస్తారు: మాంసం వండకూడదని. నా సలహా, తిండి విషయం దాచి చేరొద్దు, వారం తిరక్కుండా వాసన చెప్పేస్తుంది. కులం దగ్గర ముఖం చిట్లించేవాళ్ల ఇల్లు ఎంత బాగున్నా అక్కడ రోజూ మీరే బరువు మోయాలి. సొంత ఇంటి కింద వాటా అద్దెకిచ్చేవాళ్ల కంటే, ఓనరు వేరే ఊళ్లో ఉండే అపార్ట్‌మెంట్లలో ఈ బాధ తక్కువ.

నీళ్ల గురించి ఏం అడగాలి?

"నీళ్లకు లోటు లేదండీ" అన్న జవాబుతో తృప్తి పడకండి. మూడు అడగండి: మున్సిపల్ కుళాయి ఉందా, ఎన్ని గంటలకు వస్తుంది, మేలో ట్యాంకరు ఎన్నిసార్లు పిలిచారు. మూడోది వాచ్‌మన్‌ని అడగండి, ఓనరును కాదు. విశాఖకు తాగునీరు మేఘాద్రిగెడ్డ, తాటిపూడి, రైవాడ లాంటి జలాశయాలు, ఏలేరు కాలువ నుంచి రావాలి, శివారు అపార్ట్‌మెంట్లు బోర్ల మీద బతుకుతాయి. విజయవాడకు కృష్ణ పక్కనే ఉన్నా పొలాల్లో లేచిన కొత్త కాలనీల్లో బోరు నీళ్లే. బాత్రూం కుళాయి చుట్టూ తెల్లటి పొర పేరుకుని ఉంటే ఉప్పునీరని అర్థం, గీజరు ఎక్కువ కాలం ఉండదు. గుంటూరులో పాత పేటల్లో పైపుల సంగతి చూసుకోండి. 2018లో ఆనందపేట ప్రాంతంలో తాగునీరు కలుషితమై అతిసారం ప్రబలి జనం చనిపోయారు. కుళాయి నీళ్లు కాచి తాగడం ఖర్చు లేని జాగ్రత్త.

పై అంతస్తు అద్దె తక్కువ చెప్తున్నారు, తీసుకోవచ్చా?

విశాఖలో తీసుకోవచ్చు, సాయంత్రమయ్యేసరికి సముద్రపు గాలి వస్తుంది. విజయవాడ, గుంటూరుల్లో మే నెల మధ్యాహ్నం మూడింటికి వెళ్లి ఆ గదిలో పది నిమిషాలు నిలబడి నిర్ణయించుకోండి. బెజవాడను బ్లేజ్‌వాడ అని ఊరికే అనరు. స్లాబు పగలంతా పీల్చుకున్న వేడిని రాత్రి పన్నెండు దాకా కక్కుతుంది. అద్దెలో మిగిలింది ఏసీ బిల్లులో పోతుంది.

దక్షిణం వాకిలి ఇల్లు చవగ్గా ఇస్తున్నారు, తీసుకోనా?

మీకు పట్టింపు లేకపోతే హాయిగా తీసుకోండి. తూర్పు, ఉత్తరం వాకిళ్లకు ఎగబడతారు కాబట్టి దక్షిణం ఇళ్లు ఖాళీగా ఉంటాయి. నేను ఎక్కువ కాలం ఉన్న ఇల్లు అదే.

## అడ్వాన్సు, కాగితాలు

అడ్వాన్సు ఎంత ఇవ్వాలి?

మన ఊళ్లలో రెండు నెలల అద్దె మామూలు, మూడు నెలలు అడిగినా వింత కాదు. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం కూడా నివాస గృహాలకు రెండు నెలలే అంది. ఐదారు నెలలు అడిగితే బేరమాడండి. డబ్బు చేతికివ్వకుండా బ్యాంకు ద్వారా పంపి, "అడ్వాన్సు" అని రాయండి.

11 నెలల అగ్రిమెంటు ఎందుకు? అది సరిపోతుందా?

ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని 1908 రిజిస్ట్రేషన్ చట్టం అంది కాబట్టి దేశమంతా 11 నెలల అలవాటు పుట్టింది. అలాగని స్టాంపు కాగితం మీద సంతకాలు పెట్టేస్తే దానికి కోర్టులో బలం వచ్చేయదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగి రిజిస్టరు చేయించుకుంటే ఇద్దరికీ మంచిది. కాగితంలో ఇవి ఉండాలి: అద్దె, అడ్వాన్సు, ఏటా పెంపు, నోటీసు ఎన్ని రోజులు, మెయింటెనెన్స్ ఎవరిది, ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చు ఎవరిది. చివరిది చాలామంది రాయించుకోరు, గొడవ అక్కడే వస్తుంది.

ఓనరు అమెరికాలో ఉన్నారు, వాళ్ల నాన్నగారు అద్దె తీసుకుంటారట. ఇబ్బందా?

విజయవాడ, గుంటూరుల్లో ఇది రోజూ కనబడేదే. ఇల్లు నిజంగా ఎవరి పేరు మీద ఉందో చూడండి. పెద్దాయన పేరు మీదే ఉంటే మామూలు అద్దె లెక్క. ప్రవాస భారతీయుడైన కొడుకు పేరు మీద ఉంటే అద్దెలో టీడీఎస్ (ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) పట్టి కట్టాల్సిన బాధ్యత మీది, చిన్న అద్దె అని మినహాయింపు లేదు. చేరకముందే ఆడిటర్‌తో ఒకసారి మాట్లాడండి. ఓనరు ఇక్కడే ఉండేవారైతే నెలకు 50,000 దాటిన అద్దెకే టీడీఎస్, 2024 అక్టోబరు నుంచి అది 2 శాతం.

హెచ్‌ఆర్‌ఏ మినహాయింపులో ఊరిని బట్టి తేడా ఉందా?

మన రాష్ట్రంలోపల లేదు. ఎక్కువ పరిమితి 50 శాతం ఉన్న మెట్రోల్లో మన ఊళ్లేవీ లేవు. విశాఖైనా కర్నూలైనా జీతంలో 40 శాతమే లెక్క. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే ఈ మినహాయింపు. ఏడాది అద్దె లక్ష దాటితే ఓనరు పాన్ నంబరు కావాలి, ఇస్తారో లేదో ముందే అడగండి. చాలామంది అప్పుడే మాట మారుస్తారు.

## ఉంటున్నప్పుడు, వెళ్లేటప్పుడు

రెండు వాటాలకీ ఒకే కరెంటు మీటరు ఉంది, ఫర్వాలేదా?

ఫర్వా ఉంది. యూనిట్లు పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగేలా స్లాబులుంటాయి. రెండు కుటుంబాల వాడకం ఒకే మీటరు మీద పడితే ఇద్దరూ పై స్లాబులోకి వెళ్తారు. సబ్ మీటరు పెట్టినా ఆ నష్టం పోదు, పంచుకోవడమే తేలికవుతుంది. విడి మీటరు ఉన్న ఇంటికి కొంచెం అద్దె ఎక్కువైనా వేసవిలో తిరిగొస్తుంది. చేరిన రోజే రీడింగు ఫొటో తీసి ఓనరుకు వాట్సాప్ చేయండి.

ఖాళీ చెయ్యమని సడన్‌గా అంటే?

అగ్రిమెంటులో రాసుకున్న నోటీసు గడువే ముందు చూడాలి. అలాంటి ఒప్పందమేమీ లేకపోతే నెలవారీ అద్దెకు 15 రోజుల నోటీసు అని 1882 ఆస్తి బదిలీ చట్టం చెబుతోంది. కరెంటు, నీళ్లు ఆపి వెళ్లగొట్టే హక్కు ఎవరికీ లేదు. మాటలతో కాకుండా రాతలో అడగండి, రాతలోనే జవాబివ్వండి.

రంగుల పేరు చెప్పి అడ్వాన్సులో కోస్తున్నారు, ఏం చెయ్యను?

నాకు ఒకచోట ఒక నెల అద్దె మొత్తం అలా పోయింది. రెండేళ్లు ఉన్నాను, గోడకు నాలుగు మేకులు కొట్టాను. "ఇల్లంతా రంగు వేయించాలి" అన్నారాయన. చేరినప్పటి ఫొటో ఒక్కటి కూడా నా దగ్గర లేదు, వాదించలేకపోయాను. తర్వాతి ఇంట్లో సామాను దించకముందే ప్రతి గోడా, ప్రతి కుళాయీ, సింకు కింద చెమ్మతో సహా వీడియో తీసి ఓనరుకు పంపాను. "ఇదెందుకమ్మా" అని ఆవిడ నవ్వింది. ఖాళీ చేసిన రోజు బాత్రూం తలుపు ఉబ్బింది నా వల్లేనంటే, అదే వీడియో తిరిగి పంపాను. అడ్వాన్సు పూర్తిగా ఇచ్చి, వెళ్లేముందు కాఫీ కూడా ఇచ్చింది.